ఎడారి తోడేలు ఎవరిది

"గమనించాను" అని రాశాను. గమనించింది నేను కాదు.

ఆ ఒక్క మాట ఆరేళ్ళు అచ్చులో నిలబడింది. అరబ్బీలో తోడేలుకున్న పేరు ఎంత పాతదో, దాని చుట్టాలు ఏయే భాషల్లో ఉన్నాయో చెప్తూ నేను రాసిన వ్యాసం ఒకటుంది. అందులో మూడో పేజీలో "ఎడారిలో కలిసి పనిచేసే కాపరుల మాటల్లో ఈ పోలికను గమనించాను" అనే వాక్యం ఉంటుంది. నేను ఎడారి చూడలేదు. జాతరలో పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే ఒంటెను తప్ప వేరే ఒంటెను కూడా చూడలేదు. ఆ పోలికను గమనించినవాడు పుంగనూరు వైపు నుంచి ఏటా మా చేలల్లో మంద కట్టడానికి వచ్చే ఒక గొర్రెల కాపరి. తొమ్మిదేళ్ళు కువైట్‌లో గొర్రెలు కాసి తిరిగొచ్చిన మనిషి. ఆయన చెప్పింది నేను రాసుకున్నాను, అచ్చు వేయించుకున్నాను, మెప్పు పొందాను. ఆయన పేరు మాత్రం రాయలేదు. దానివల్ల ఆయన తన వాళ్ళ మధ్య అబద్ధాలకోరుగా ఐదేళ్ళు బతికాడు.

ఇక్కడ కూడా నేను ఎవరి పేరూ రాయడం లేదు. ఆయన పేరు ఉండవలసిన చోట ఇప్పుడు ఉంది. అది అక్కడికి ఎట్లా చేరిందో చెప్పడానికే ఇది.

నేను తిరుపతిలో ఒక కళాశాలలో భాషాశాస్త్రం చెప్తాను. మా చేలు పుత్తూరు దగ్గర ఉన్నాయి, నాయన సేద్యం చూసుకుంటాడు. వేరుశనగ పీకిన తర్వాత నేల ఖాళీగా ఉన్నప్పుడు మంద కట్టించడం మా వైపు వాడుక. గొర్రెల్ని పగలంతా మేపుకొచ్చి, మాపటికి ఒక చెక్కలోకి, అంటే చేలో ఒక ముక్కలోకి, తోలి చుట్టూ వల కడతారు. తెల్లారేసరికి ఆ చెక్కకు కావలసినంత ఎరువు పడి ఉంటుంది. మరుసటి రోజు పక్క చెక్క. అట్లా మూడు వారాలు ఉండి కాపరులు ఇంకో ఊరికి పోతారు. ఈయన మందలో రెండు వందలకు పైగా గొర్రెలుండేవి. నాయన ఆయన్ని "మందాయన" అని పిలిచేవాడు. నేనూ అదే పిలుపు పట్టుకున్నాను.

ఒకరోజు పొద్దున పదిగంటలప్పుడు ఆయన గొర్రెలకు గిట్టలు కత్తిరిస్తున్నాడు. నేను గట్టు మీద కూర్చుని ఒక లావుపాటి పుస్తకం తిరగేస్తున్నాను. సెమిటిక్ భాషల్లో జంతువుల పేర్ల మీద రాసిన పుస్తకం అది. అరబ్బీ, హీబ్రూ, అరామిక్, పాత బాబిలోను వాళ్ళు మాట్లాడిన అక్కాడియన్, ఎర్రసముద్రం అవతల ఇతియోపియాలోని కొన్ని భాషలు, ఇవన్నీ ఒక తల్లి బిడ్డలు. మన తెలుగు, తమిళం, కన్నడం ఎట్లా ఒక ఇంటివో అవీ అట్లాగే. ఆ పూట నేను చదువుతున్నది తోడేలు గురించి. ఏం తోచక అడిగాను, కువైట్‌లో తోడేలును ఏమంటారప్పా అని.

"ధీబ్," అన్నాడు ఆయన తలెత్తకుండానే. నేను తిరిగి అన్నాను. ఆయన కత్తెర కింద పెట్టి నా నోటి వైపు చూశాడు.

"అట్ల కాదు అయ్యోరా. నాలిక పండ్ల సందుకు రావాల. లేకుంటే ఆ దేశమోళ్ళు నగుతారు."

మా వైపు చదువు చెప్పేవాళ్ళను అయ్యోరు అంటారు. ఆ రోజు అయ్యోరు ఎవరో, నేర్చుకునేది ఎవరో తారుమారైంది. నాలుక కొన పళ్ళ మధ్య పెట్టి గాలి వదిలితే వచ్చే ఆ శబ్దానికి మన లిపిలో అక్షరం లేదు. "ధ" అని రాస్తున్నాను గానీ అది మన "ధ" కాదు. మొదటి తల్లి భాషలో ఆ శబ్దం ఉండేదని పండితులు తేల్చారు. అరబ్బీ దాన్ని అట్లాగే కాపాడుకుంది. గ్రంథాల అరబ్బీలో తోడేలు "ధిఅబ్", ఎడారి వాళ్ళ నోట్లో "ధీబ్". హీబ్రూకి వచ్చేసరికి ఆ శబ్దం "జ" అయింది, "జెఏవ్". అక్కాడియన్‌లోనూ "జ" అయి "జీబు". అరామిక్‌లో "ద" అయింది, "దేబా". ఇది తోడేలు ఒక్కదానికే జరిగిన వింత కాదు. బంగారాన్ని అరబ్బీలో "ధహబ్" అంటే హీబ్రూలో "జహవ్", అరామిక్‌లో "దహబా". పుస్తకాలన్నీ బంగారం ఉదాహరణే ఇస్తాయి.

అదంతా ఆయనకు చెప్పాలని నాకు తోచలేదు. గొర్రెలు కాసేవాడికి బాబిలోను ఎందుకని అనుకున్నానేమో. ఆయనే మాట పొడిగించాడు. తనతో పాటు ఇతియోపియా ఉత్తరపు కొండల నుంచి వచ్చిన ఒకాయన అదే మందలో పని చేసేవాడట. ఇద్దరికీ కలిపి ఒక రేకుల గది, ఒక గ్యాసు పొయ్యి. యజమాని అరబ్బీలో అరుస్తాడు, ఇతియోపియా ఆయన తన భాషలో గొణుగుతాడు, ఈయనకు రెండూ రావు.

"చెవి కాడ తెలిసింది నాకు," అన్నాడు. "గొర్రె ఎవురిదో గుర్తు కొయ్యాలంటే చెవి పట్టుకోవాల గదా. చెవిని అరబ్బాయన 'ఇధిన్' అంటాడు. మావోడు, ఆ ఇతియోపియాయన, 'ఎజ్ని' అంటాడు. సరే అనుకున్యా. కొన్నాళ్ళకు తోడేలు మాట వచ్చె. ఆయన 'ధీబ్' అనె. మావోడు 'జిబ్ఇ' అనె. ఓహో, యాడ అరబ్బాయన నాలిక పండ్లకు పెడతాడో ఆడ మావోడు తేనెటీగ మాదిరి జుమ్మంటాడని పట్టుకున్యా. రెండు భాషలు నేర్వాల్నే అని భయపడతా ఉంటి. సగం పని తగ్గిపాయ."

పెద్ద పెద్ద గ్రంథాలు పేజీలకు పేజీలు పట్టి చెప్పిన సూత్రాన్ని ఈయన ఒక గొర్రె చెవి పట్టుకుని కనిపెట్టాడు. ఆయన ఇంకా ముగించలేదు.

"అయితే మావోనిది మన తోడేలు కాదు అయ్యోరా."

ఒకనాడు పొద్దున ఒక గొర్రె చచ్చి పడి ఉందట. యజమాని "ధీబ్" అన్నాడు. ఇతియోపియా ఆయన తన మాట తాను అని, అది కాదు అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. పేరు ఒకటే అయినప్పుడు ఎందుకు కాదంటున్నాడో మందాయనకు అర్థం కాలేదు. అప్పుడు ఇతియోపియా ఆయన ఇసకలో మోకాళ్ళ మీద కూర్చుని, ముందు భాగం ఎత్తి వెనక కుంగదీసి నడిచి చూపించాడు. మనిషి నవ్వినట్టు ఒక కూత కూశాడు. గొర్రె కాలి ఎముక తీసి పటపటా కొరికినట్టు చేశాడు. తన దేశంలో ఆ పేరు గల జంతువు ఎముకలు కూడా మిగల్చదని, ఇక్కడ ఎముకలన్నీ ఉన్నాయి గనుక ఇది వేరే దాని పని అని ఆయన వాదన. "దుమ్ములగొండి అయ్యోరా అది," అన్నాడు మందాయన. "పేరు చూస్తే ఇంటిపేరు ఒకటే. మనిషి వేరే."

అది నిజం. ఇతియోపియా భాషల్లో ఆ పాత పేరు తోడేలును వదిలి దుమ్ములగొండి మీదికి పోయింది. అక్కడి కొండల్లో మందకు అసలు శత్రువు అదే గనుక పేరు శత్రువు వెంట నడిచింది. పుస్తకంలో అది ఒక పొడి వాక్యంగా ఉంది. ఈయన నోట్లో ఎముక విరిగిన చప్పుడుతో సహా ఉంది.

నేను జేబులోంచి చిన్న డైరీ తీసి అన్నీ రాసుకున్నాను. "రాసుకోండి, రాసుకోండి. నాకు రాయను రాదు," అని నవ్వి ఆయన మళ్ళీ కత్తెర తీశాడు.

వ్యాసం రెండు నెలల్లో పూర్తయింది. బంగారం బదులు చెవి పెట్టాను. దుమ్ములగొండి సంగతి చివర పెట్టాను. పత్రికలో అచ్చయింది, తర్వాత తిరుపతిలోనే ఒక సదస్సులో చదివాను. హీబ్రూ, అరామిక్‌లో ఒక శాఖ అయిన సిరియాక్ తెలిసిన పెద్దావిడ ఒకరు హైదరాబాదు నుంచి వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. అంతా అయ్యాక ఆమె లేచి, ఈ చెవి ఉదాహరణ ఎక్కడిదని అడిగారు. క్షేత్ర పరిశీలనలో దొరికిందన్నాను. ఆమె నన్ను కాసేపు చూసి కూర్చున్నారు. సభలో అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల వంచి నమస్కారం పెట్టాను.

మరిచిపోయానని చెప్పుకోవచ్చు. మరిచిపోలేదు. చిత్తుప్రతిలో ఆయన పేరు ఉంది. శుభ్రంగా తిరగరాసేటప్పుడు తీసేశాను. సమాచారం ఇచ్చినవాళ్ళ పేర్లు అందరూ రాయరని నాకు నేను చెప్పుకున్నాను. గొర్రెల కాపరి చెప్పాడంటే ఎవరూ నమ్మరని కూడా చెప్పుకున్నాను. అసలు కారణం వేరు. ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో నాకంటూ ఒక్క కొత్త సంగతీ దొరకలేదు. ఇది నాదైతే బాగుండునని ఆశపడ్డాను.

అంతటితో ఆగినా కొంత నయం. మరుసటి వేసవిలో మందాయన వచ్చినప్పుడు పత్రిక ప్రతి ఒకటి ఆయన చేతిలో పెట్టి, నువ్వు చెప్పిందంతా దీంట్లో ఉండాదప్పా అన్నాను. ఆయనకు చదవడం రాదని తెలిసే ఇచ్చాను. ఆయన చేతులు తువ్వాలుకు తుడుచుకుని రెండు చేతులా అందుకున్నాడు. ఆ తువ్వాలులోనే చుట్టి నెత్తిన పెట్టుకుని పోయాడు.

ఆ తర్వాతి వేసవికి ఆయన రాలేదు. ఆపై ఏడాదీ రాలేదు. నాయన వేరే మంద వాళ్ళను మాట్లాడాడు. వాళ్ళ మీద ఆయనకు గురి కుదరలేదు. మందాయనకు మనమేమి తక్కువ చేసినామని రెండు మూడుసార్లు నన్నడిగాడు. తెలియదన్నాను. తెలుసుకోవాలని కూడా నేను పోలేదు.

కిందటేడు రేణిగుంట దగ్గర స్కూటర్ జారి కుడి మణికట్టు విరిగింది. అందరూ చేసే పనే నేనూ చేశాను, పుత్తూరుకు కట్టు కట్టించుకోవడానికి పోయాను. ఆ కట్టు కోసం ఇటు తమిళదేశం నుంచీ అటు కడప నుంచీ జనం వస్తారు, వరస పొడుగ్గా ఉంటుంది. నా ముందు ఒకామె మోచేయి మరో చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది. అప్పుడు గుర్తు పట్టాను, మందాయన భార్య. మందతో వచ్చినప్పుడు మా ఇంటికి మజ్జిగకు వచ్చేది.

బాగుండారా, మందాయన ఎట్లుండాడు అని పలకరించాను. వరస రెండడుగులు కదిలింది.

"మీ బుక్కు మా ఇంట్లో పెట్టెలో ఉండాది అయ్యోరా," అంది. "ఆయప్ప దాన్ని పారెయ్యనీడు. అగ్గి పెడతానంటే వద్దంటాడు. అయ్యోరి చేతి అచ్చు అంటాడు."

ఆ వరసలో, పదిమంది నొప్పులు పడుతున్న చోట, ఆమె జరిగిందంతా మెల్లగా చెప్పింది. వానలకు ముందు గొర్రెలకు సూదులు వేయించే రోజున వాళ్ళ వైపు మందలన్నీ ఒక మైదానంలో కలుస్తాయి. వేల గొర్రెలు కలగాపులగం అవుతాయి. ఏ గొర్రె ఎవరిదో చెవికోత చూసి చెప్పాలి. ఒక్కో ఇంటిది ఒక్కో కోత, కొన్నింటికి తేడా గోరంత. ఆ తీర్పు చెప్పేది మందాయన. ఆయన చెవి పట్టి ఒక ఇంటి పేరు చెప్పాడంటే ఎవరూ మారు మాట్లాడేవాళ్ళు కాదు. ఆయన తండ్రి నుంచి వచ్చిన మర్యాద అది.

ఆ ఏడాది సూదుల రోజున ఆయన పత్రికను తువ్వాలులో తీసుకుపోయాడు. కువైట్‌లో నేను కనిపెట్టిన మాట బుక్కులో ఎక్కింది, నా పేరుండాది సూడండి అన్నాడు. డిగ్రీ చదివిన ఒకాయన తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. చెవి ఉంది, తోడేలు ఉంది, దుమ్ములగొండి ఉంది. పేరు లేదు. మళ్ళీ చదవమన్నాడు మందాయన. మళ్ళీ లేదు. మూడోసారికి జనం నవ్వడం మొదలుపెట్టారు.

"'ఏమప్పా ధీబూ, నీ పేరు యాడుండాది, అచ్చుతప్పుల్లోనా' అన్నారు," అంది ఆమె. "ఆ పొద్దు నుంచి ఆయప్ప పేరు ధీబు. అది కూడా పోనీలే అనుకుంటిమి. ఆ మర్సటేడు చెవులు సూసేదానికి వేరేవోని పిలిచినారు. బుక్కులో లేంది ఉండాదన్నోడు చెవిలో లేంది ఉండాదనడా అన్నారు."

నా మణికట్టు నొప్పి అప్పుడు నాకు తెలియలేదు. ఆమె వంతు వచ్చింది. లోపలికి పోతూ వెనక్కి తిరిగి, పరాయి గొర్రె మందలో కలిస్తే ఏం చేయాలో మీ నాయనకు తెలుసు, అడగండి అంది.

కోడిగుడ్డు తెల్లసొనా ఆకుపసరూ పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టిన చేత్తో ఆ మధ్యాహ్నమే నాయన దగ్గర కూర్చున్నాను. జరిగిందంతా చెప్పాను. నాయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మందోళ్ళ పద్ధతి చెప్పాడు. పరాయి గొర్రె వచ్చి కలిస్తే దాన్ని నడిపించుకుని, దాని సొంతదారు మంద వాకిట్లోకి పోవాలి. వాకిలంటే వల విప్పి గొర్రెల్ని బయటికి వదిలే చోటు. నలుగురూ ఉన్నప్పుడే పోవాలి. మూడు సంగతులు గట్టిగా చెప్పాలి. ఇది ఎవరిది, నా దగ్గర ఎన్నాళ్ళుండింది, నా దగ్గర ఏమీనింది. ఈనిన పిల్లల్ని కూడా అప్పజెప్పాలి. సొంతదారు చెంబుతో నీళ్ళిస్తే సరిపోయినట్టు. ఇచ్చేదాకా అక్కడే నిలబడాలి.

"చెవి కోసి మన గుర్తు పెట్టుకొనుంటేనో, నాయనా?"

"అట్ల చేసినోడు వాకిట్లోకి రాడు," అన్నాడు నాయన. "నేనైతే యాన్నాడూ సూడలా. నువ్వు పో. సూస్తాను."

ఎడమ చేత్తో పత్రికకు ఉత్తరం రాశాను. ఆ వ్యాసంలోని ముఖ్యమైన సంగతులు నేను గమనించినవి కావని, ఫలానా కాపరివని, ఆయన పేరూ ఊరూ పూర్తిగా రాసి, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. సంపాదకుడు ఫోను చేసి, ఇంత కఠినంగా అవసరమా, ఒక చిన్న సవరణ వేస్తే పోదా అన్నాడు. ఒక్క అక్షరం తీసినా ఒప్పుకోనన్నాను. కళాశాలలో పైవాళ్ళకు కూడా అదే సంగతి రాసి కాగితం ఇచ్చాను. హైదరాబాదు పెద్దావిడకు ఫోను చేసి చెప్పినప్పుడు ఆమె చాలా మామూలుగా మాట్లాడారు.

"నాకు ఆ రోజే అనుమానం వచ్చింది. చదువుకున్నవాడికి బంగారం గుర్తొస్తుంది. చెవి గుర్తొచ్చేది చెవి పట్టుకునేవాడికే. ఆయన్ని ఎప్పుడు చూపిస్తారు?"

ఉత్తరం అచ్చయిన పత్రిక పట్టుకుని పుంగనూరు వైపు పోయాను. మందాయన చెరువు మట్టి తోలిన ఒక చేలో మంద వదులుతున్నాడు. గడ్డం తెల్లబడింది. నేను చదివి వినిపించాను. ఆయన విన్నాడు, తల ఊపాడు. తిరుపతిలో పెద్ద సభ పెట్టిస్తాను, అక్కడ వేదిక మీద అందరి ముందూ చెప్తాను, రండి అన్నాను.

"హాల్లో నాకేం పని అయ్యోరా," అన్నాడు. "నన్ను అబద్ధాలోడన్నది హాల్లో వాళ్ళు కాదు."

సూదుల రోజు ఎప్పుడని అడిగాను. చెప్పాడు.

ఆ రోజు తిరుపతి నుంచి కారులో ముగ్గురం పోయాం. నాయన, పెద్దావిడ, నేను. ఆమెకు డెబ్బై దాటాయి, దారంతా మందాయన గురించే అడిగారు. మైదానం చేరేసరికి దుమ్ము, అరుపులు, పశువుల డాక్టరు మందుపెట్టె. పదిహేను మందలుంటాయి. మమ్మల్ని చూసి జనం చేరారు. ఎవరో ఒకాయన "ధీబు కోసం కారొచ్చిందిరో" అన్నాడు. నవ్వులు వినిపించాయి. మందాయన తన మంద దగ్గరే నిలబడి ఉన్నాడు, కదలలేదు.

పెద్దావిడ నేరుగా ఆయన దగ్గరికి నడిచారు. ఎవరో ఒక నులకమంచం వేశారు, ఆమె కూర్చున్నారు. ఆయన్నీ కూర్చోమంటే నేల మీద కూర్చోబోయాడు. ఆమె పక్కన చోటు చూపించి మంచం మీదే కూర్చోబెట్టారు. నవ్వులు ఆగాయి. ఆమె చెవి మాట అడిగారు. ఆయన చెప్పాడు. తోడేలు మాట అడిగారు. చెప్పాడు. దుమ్ములగొండి ఎట్లా నడుస్తుందో చూపించమన్నారు. ఆ మనిషి, అరవై దగ్గర పడినవాడు, అందరి ముందూ ముందు ఎత్తి వెనక కుంగి నాలుగడుగులు నడిచి కూత కూశాడు. పక్క మందలో కుక్కలు మొరిగాయి. ఈసారి నవ్వులో ఎగతాళి లేదు.

"ఇంకా ఏమన్నా ఉన్నాయా ఇట్లాంటివి?" అని ఆమె అడిగారు.

"ఇంకొకటి ఉండాది తల్లీ," అన్నాడు. "గొర్రెను పట్టుకో అనేదానికి అరబ్బాయన 'ఖిధ్' అంటాడు. మావోడు 'హాజ్' అంటాడు. దినానికి నూరుసార్లు అనేమాట అది."

ఆవిడ మంచం మీద నిటారుగా అయ్యారు. ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. హీబ్రూలో పట్టుకోవడాన్ని "అహజ్" అంటారని, సిరియాక్‌లో "ఎహద్" అని, అక్కాడియన్‌లో "అహాజు" అని, మూడు వేల ఏళ్ళ కింద మట్టి పలకల మీద రాసి ఉన్న మాట ఇదేనని చుట్టూ ఉన్నవాళ్ళకు వినబడేట్టు చెప్పారు. అదే ధ, అదే జ, అదే ద. "చెవి ఒకటి, తోడేలు ఒకటి, ఇది మూడోది. మూడు దొరికితే ఇక అది కాకతాళీయం కాదు. ఈయన పాఠశాలకు పోకుండా సూత్రం కనిపెట్టాడు," అన్నారు.

ఇది నాకెందుకు చెప్పలేదని నోరు జారి అడిగాను.

"మూడోది మీరు అడగలా అయ్యోరా," అన్నాడు మందాయన. "డైరీ మూసేస్తిరి."

జనం పగలబడి నవ్వారు. ఈసారి నా మీద. ఆ నవ్వు నాకు హాయిగా ఉంది, నిజంగా.

అప్పట్లో పత్రిక మూడుసార్లు చదివిన డిగ్రీ ఆయన అక్కడే ఉన్నాడు. కొత్త పత్రిక ఆయన చేతికే ఇచ్చాను. నా ఉత్తరం గట్టిగా చదివాడు. మందాయన పేరు వచ్చిన చోట ఆగాడు. "ఉండాది," అన్నాడు మెల్లగా. "ఇంటిపేరుతో సహా ఉండాది." ఎవరో మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాడు. మూడోసారి చదవమన్నది మందాయన భార్య. అప్పుడే అవతల మంద నుంచి ఒక పడుచువాడు గొర్రెను చెవి పట్టి ఈడ్చుకొచ్చి, ఏళ్ళుగా ఎవరూ అడగని మాట అడిగాడు, ఇది ఎవురిది మామా అని. మందాయన చెవి తిప్పి చూసి, వేలితో కోత తడిమి, ఒక ఇంటిపేరు చెప్పాడు. ఎవరూ మారు మాట్లాడలేదు.

నేను మంద వాకిట్లోకి పోయి నిలబడ్డాను. వల విప్పి ఉంది. లోపల గొర్రెలు, బయట మనుషులు. మందాయన భార్య చెంబు పట్టుకుని దూరంగా నిలబడి ఉంది, ఇంకా కదలలేదు. పాతికేళ్ళకు పైగా పాఠాలు చెప్పిన నా గొంతు ఆ పూట నాకే కొత్తగా వినిపించింది. ఆయన్ని తేలిగ్గా అప్పా అని పిలిచే అలవాటును కూడా అక్కడే వదిలేశాను.

"ఈ మాట ఈయనది," అన్నాను. "కువైట్ ఎడారిలో ఈయనకు పుట్టింది. ఆరేండ్లు నాకాడ ఉండింది. తప్పిపోయి వచ్చిందని అనుకోవద్దండి, నేనే తోలుకొని పోయినాను. దాని చెవి కోసి నా గుర్తు పెట్టుకున్నాను. నాకాడ రెండు ఈనింది, ఆ వ్యాసం మీద ఇంకో రెండు వ్యాసాలు రాసుకున్నాను. ఆ రెండూ తెచ్చినాను. ఇప్పుడు పుస్తకంగా వస్తా ఉండాయి, మూడిటి మీదా ముందు ఈయన పేరే ఉంటాది. అన్నా, నువ్వు ఆ పొద్దు చెప్పింది నిజం. అబద్ధం ఆడింది నేను. నీకు చదవను రాదని తెలిసే ఆ బుక్కు నీ చేతిలో పెట్టినాను, అది ఇంకా పెద్ద తప్పు. నన్ను మన్నించన్నా." ఆ చెంబు నీళ్ళు నా చేతికి వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.